ముప్పై ఏళ్ల నాటి డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్: డబ్బు దేనికి కడుతున్నట్టు?

హైదరాబాద్‌లో యాభై లక్షల లోపు, సిటీకి మరీ దూరం కాకుండా మొదటి ఇల్లు కొనాలని తిరిగేవాళ్లకి చివరికి తగిలేది దాదాపు ఒకే రకం ఇల్లు. మల్కాజిగిరి కానివ్వండి, విద్యానగర్, దిల్‌సుఖ్‌నగర్, వనస్థలిపురం, ఎస్ఆర్ నగర్, కేపీహెచ్‌బీ ఏదైనా కానివ్వండి, 1990ల్లో కట్టిన నాలుగంతస్తుల అపార్ట్‌మెంట్‌లో రెండో ఫ్లోరో మూడో ఫ్లోరో, ఎనిమిది వందల చిల్లర ఎస్ఎఫ్టీ (చదరపు అడుగులు), పాత మొజాయిక్ మీద కొత్తగా పరిచిన టైల్స్, ఇంకా వాసన పోని పెయింటు, కింద పార్కింగ్‌లో ఒక కారు తియ్యాలంటే నాలుగు బండ్లు జరపాల్సినంత ఇరుకు. బ్రోకర్ మాట కూడా ఒకటే ఉంటుంది: "ఈ రేటుకి ఈ ఏరియాలో డబుల్ బెడ్‌రూమ్ ఇక దొరకదు సార్."

దొరకదన్న మాట నిజమే కావచ్చు. కానీ ఆ రేటులో మూడు వేర్వేరు వస్తువుల ధర కలిసిపోయి ఉంది. భూమిలో మీకొచ్చే వాటా ఒకటి, వయసైపోతున్న కాంక్రీటు ఒకటి, ఆ వీధి ఒకటి. మొదటిది సాధారణంగా పెరుగుతుంది, రెండోది ప్రతి ఏడాదీ తరుగుతుంది, మూడోది ఎటైనా పోవచ్చు. ఎస్ఎఫ్టీ రేటు ఈ మూడింటినీ ఒకే అంకెలో కుక్కేస్తుంది కాబట్టి దాన్ని పట్టుకుని ఎంత గట్టిగా బేరమాడినా దేని ధర తగ్గించుకున్నామో మనకే తెలియదు. నన్నడిగితే నాలుగోది కూడా ఉంది, ధరలో కనిపించదు గానీ మిగతా మూడింటి భవిష్యత్తునీ అదే తేలుస్తుంది: ఆ బిల్డింగ్‌లోని మిగతా ఓనర్లు.

ముందు గజాలు

సేల్ డీడ్‌లో షెడ్యూల్ దగ్గర "అవిభాజ్యమైన భూమి వాటా ఇన్ని చదరపు గజాలు" అని ఒక లైను ఉంటుంది. అందరూ అన్‌డివైడెడ్ షేర్ అంటారు, బ్రోకర్లు యూడీఎస్ అంటారు. కొత్త ప్రాజెక్టుల్లో, ముఖ్యంగా ముప్పై నలభై అంతస్తుల టవర్లలో ఇది చాలా చిన్న అంకె. పాత నాలుగంతస్తుల అపార్ట్‌మెంట్‌లో మాత్రం ఇదే అసలు ఆస్తి.

ఒక లెక్క వేసి చూద్దాం, అంకెలు ఊహించినవే, మీరు చూస్తున్న ఏరియా అంకెలు పెట్టుకోండి. 420 గజాల స్థలంలో 12 ఫ్లాట్లు, మీ వాటా 35 గజాలు, అడుగుతున్న ధర 45 లక్షలు. ఆ సందులో ఖాళీ స్థలం, లేదా కూలగొట్టి కట్టుకోడానికి అమ్ముతున్న పాత ఇల్లు, గజం 90 వేల చొప్పున పోతోందనుకోండి. అంటే భూమి వాటా విలువ 31.5 లక్షలు. మిగిలిన 13.5 లక్షలు మీరు బిల్డింగ్‌కి ఇస్తున్నట్టు. అదే 850 ఎస్ఎఫ్టీ ఇవాళ కొత్తగా కట్టడానికి ఎస్ఎఫ్టీకి 2,000 అనుకుంటే 17 లక్షలు, బిల్డింగ్ ఆయుష్షు అరవై ఏళ్లని పట్టుకుంటే ముప్పై ఏళ్లు అయిపోయాయి కాబట్టి మిగిలింది సగం, ఎనిమిదిన్నర లక్షలు. మొత్తం 40 లక్షలు. మిగతా అయిదు లక్షలు కొత్త టైల్సుకీ, పెయింటుకీ, మీ తొందరకీ.

ఈ లెక్క పూర్తిగా న్యాయమైనదేం కాదు. ఖాళీ స్థలంలో ఎకాఎకి ఇల్లు కట్టుకోవచ్చు, మీ 35 గజాల్లో మీరు ఒక్కరే పందిరి కూడా వెయ్యలేరు, కాబట్టి ఆ వాటాకి పూర్తి స్థలం రేటు పెట్టడం అమ్మేవాళ్ల వైపు మొగ్గు చూపడమే. నేనైతే అందులో పదో పాతికో శాతం తగ్గించి చూస్తాను. అయినా సరే, ఎస్ఎఫ్టీకి 5,300 అన్న మాట కన్నా ఇది ఎంతో నయం. ఎందుకంటే పక్కపక్క సందుల్లో ఒకే రేటుకి ఉన్న రెండు ఫ్లాట్లలో ఒకదానికి 22 గజాలు, ఇంకోదానికి 40 గజాలు ఉండడం మామూలే.

గజాల దగ్గర చూసుకోవాల్సినవి ఇంకో రెండున్నాయి. ఒకటి, అన్ని ఫ్లాట్ల వాటాలూ కలిపితే మొత్తం స్థలం వస్తోందా లేదా. కొన్ని పాత అపార్ట్‌మెంట్లలో బిల్డరో స్థలం యజమానో కొన్ని గజాలు తమ పేరునే ఉంచుకుని, పదిహేనేళ్ల తర్వాత టెర్రస్ మీద హక్కుంది అని వచ్చిన సందర్భాలుంటాయి. రెండోది రోడ్డు వెడల్పు. ముందున్న రోడ్డు ఇప్పుడు ముప్పై అడుగులు ఉండి మాస్టర్ ప్లాన్‌లో అరవై అని ఉంటే, కాగితం మీది 420 గజాల్లో ముందు భాగం ఎప్పుడో ఒకప్పుడు రోడ్డుకి పోతుంది. బాల్కనీ కింద గేటు గోడ ఉన్న చోట నిలబడి చూస్తే ఇది తట్టదు, టౌన్ ప్లానింగ్ వాళ్ల దగ్గర అడగాల్సిందే.

ఇంకో మాట, పాత ఫ్లాట్‌లో 850 అంటే కామన్ ఏరియాతో కలిపి చెప్పే ప్లింత్ ఏరియా. లోపల మీరు నడిచే చోటు 620, 650 ఉండొచ్చు. అలా లోపలి చోటునే (కార్పెట్ ఏరియా) చెప్పి అమ్మాలన్న రూలు రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టంతో వచ్చింది, తెలంగాణలో అది 2017 జనవరి 1 తర్వాత అనుమతి పొందిన ప్రాజెక్టులకే. కట్టడంలో లోపం బయటపడితే అయిదేళ్ల దాకా బిల్డర్ బాగుచెయ్యాలన్న రక్షణ కూడా ఆ చట్టానిదే. 1994 నాటి ఫ్లాట్‌కి ఈ రెండూ వర్తించవు, కాబట్టి టేపు పట్టుకుని వెళ్లి కొలుచుకోండి, ఎవరూ ఏమీ అనుకోరు.

కాంక్రీటు వయసు

"అప్పటి కట్టడాలు గట్టివి, ఇప్పుడంతా నాసిరకం" అనే మాట మీకు కచ్చితంగా వినపడుతుంది, చెప్పేది మీ మామయ్యే కావచ్చు. ఇటుక పని సంగతేమో గానీ కాంక్రీటు విషయంలో ఆ మాట చాలావరకు తప్పు. కాంక్రీటు కట్టడాలకి మన దేశ ప్రమాణమైన ఐఎస్ 456 కోడ్ 1978 నాటి రూపం ప్రకారం ఇళ్ల స్లాబులకి ఎం15 గ్రేడ్ కాంక్రీటు సరిపోయేది (ఆ అంకె పెరిగేకొద్దీ బలం ఎక్కువ). 2000లో కోడ్ మార్చినప్పుడు కనీసం ఎం20 ఉండాలన్నారు. అంటే 1990ల బిల్డింగ్ అప్పటి రూలు అక్షరాలా పాటించినా ఇవాళ్టి కనీస స్థాయికి కింద ఉండొచ్చు. అప్పట్లో వాడిన స్టీలు కూడా ఎక్కువగా మెలితిప్పిన టోర్ స్టీలు, తర్వాత వచ్చిన టీఎంటీ కన్నా దానికి తుప్పు తొందరగా పడుతుంది. పైగా మిక్సర్లు, వైబ్రేటర్లు లేకుండా తట్టలతో మోసి పోసిన స్లాబులు, క్యూరింగ్‌కి నీళ్లు పట్టారో లేదో ఆ మేస్త్రీకే తెలియాలి.

తుప్పు ఎలా పడుతుందో తెలిస్తే ఎక్కడ చూడాలో తెలుస్తుంది. కొత్త కాంక్రీటుకి క్షార గుణం ఉంటుంది, అది లోపలి స్టీలుకి రక్షణ. ఏళ్లు గడిచేకొద్దీ గాలిలోని కార్బన్ డయాక్సైడ్ పైనుంచి కొద్ది కొద్దిగా లోపలికి పాకుతూ ఆ గుణాన్ని పోగొడుతుంది. అది స్టీలు దాకా చేరాక, దానికి చెమ్మ కూడా తోడైతే తుప్పు మొదలవుతుంది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుంది, ఉబ్బి పైనున్న కాంక్రీటుని తోస్తుంది, ముందు సన్నటి గీతలా చీలిక, తర్వాత పెచ్చులు. కాబట్టి హాలు గోడ చూసి లాభం లేదు. చెమ్మ ఎక్కడ నిలబడుతుందో అక్కడ చూడాలి: బాత్‌రూమ్ సీలింగ్, కిటికీల మీది సజ్జలు, బాల్కనీ కొసలు, టెర్రస్ మీద వాటర్ ట్యాంకు కింది స్లాబు, స్టిల్ట్‌లో (కింది పార్కింగ్‌లో) స్తంభాలు నేలని తాకే చోటు. విశాఖలో అయితే దీనికి సముద్రపు ఉప్పుగాలి కూడా తోడవుతుంది, అక్కడ ఇరవై ఏళ్ల బిల్డింగ్‌ని ఇక్కడి ముప్పై ఏళ్ల బిల్డింగ్‌లా అనుమానించాలి.

అమ్మే ముందు ఫాల్స్ సీలింగ్ వేసిన ఫ్లాట్ అంటే నాకు పడదు. ఊరికే అందం కోసమే వేసి ఉండొచ్చు, కాదనను, కానీ బాత్‌రూమ్‌లోనూ వంటింట్లోనూ మాత్రమే వేశారంటే లైట్ల కోసం తెరిచిన కన్నంలోంచి ఫోన్ టార్చ్ వేసి చూడండి. ఇంకో మంచి పద్ధతి, మీరు కొనబోయే ఫ్లాట్ కింది ఫ్లాట్ వాళ్ల తలుపు తట్టి, "మీ బాత్‌రూమ్ సీలింగ్ ఒకసారి చూడొచ్చా అండీ" అని అడగడం. మీ బాత్‌రూమ్ లీకేజీ మీకు కనపడదు, వాళ్ల నెత్తిన కారుతూ ఉంటుంది. వాళ్లు అప్పటికే అమ్మే ఓనర్‌తో రెండేళ్లుగా గొడవ పడుతుంటే అయిదు నిమిషాల్లో మొత్తం చెప్పేస్తారు, ఆ గొడవ రిజిస్ట్రేషన్ రోజున మీకు బదిలీ అవుతుంది కదా మరి.

పైపులు, వైర్లు త్వరగా చెప్పేస్తాను. ఆ రోజుల్లో వేసినవి జీఐ (జింకు పూత పూసిన ఇనుప) పైపులు, లోపల తుప్పు పేరుకుని సగం మూసుకుపోయి ఉంటాయి. అన్ని కుళాయిలూ ఒకేసారి తిప్పి ధార చూడండి. వైరింగ్ రెండు ఏసీలూ గీజరూ వాషింగ్ మెషినూ ఊహించి వేసింది కాదు, ఎర్తింగ్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. ఈ రెండూ మార్చుకోగలిగినవే, కొన్ని లక్షల ఖర్చు, నెలో రెండు నెలలో ఇబ్బంది. అందుకే వీటిని ధర తగ్గించుకోడానికి వాడాలి గానీ వీటికి భయపడి వెనక్కి పోనక్కర్లేదు.

వెనక్కి పోవాల్సింది స్తంభాల దగ్గర. కింద షాపు పెట్టుకోడానికి గ్రౌండ్ ఫ్లోర్ వాళ్లు బీము చెక్కారా, స్తంభం పక్కన తవ్వి సంపు పెద్దది చేశారా, పర్మిషన్ లేని పెంట్‌హౌస్ బరువు పైన పడిందా అన్నది చూడాలి. అనుమానం ఉంటే స్ట్రక్చరల్ ఇంజనీర్‌ని తీసుకెళ్లండి. రీబౌండ్ హ్యామర్ తో కొట్టి చూసే పరీక్ష, తుప్పు అవకాశం కొలిచే పరీక్ష, చిన్న ముక్క చెక్కి ఫినాఫ్తలీన్ చల్లే పరీక్ష ఉంటాయి. చల్లినప్పుడు కాంక్రీటు గులాబీ రంగుకి తిరిగితే ఇంకా ఆరోగ్యంగా ఉన్నట్టు, రంగు మారకపోతే ఆ లోతు దాకా రక్షణ పోయినట్టు. ఫీజు కొన్ని వేలు అవుతుంది. నలభై అయిదు లక్షల వస్తువుకి అది కూడా దండగే అనుకునేవాళ్లు వాస్తు పండితుడికి మాత్రం అడిగినంతా ఇచ్చి తీసుకెళ్తారు.

వాస్తు మాటొచ్చింది కాబట్టి, దక్షిణం ముఖం ఫ్లాట్లు ఇక్కడ తక్కువకి వస్తాయి. మీకు పట్టింపు లేకపోతే అది లాభమే, కాకపోతే రేపు మీరు అమ్మేటప్పుడు కొనేవాళ్లకి పట్టింపు ఉంటుంది, ఆ తగ్గింపు మీ చేతిమీదుగా కూడా జరుగుతుంది.

కాగితాలు

ఇక్కడ లాయర్ చేసే పనిని నేను చెప్పబోను, లాయర్‌ని పెట్టుకోండి. పాత ఫ్లాట్లకి ప్రత్యేకంగా ఉండే చిక్కులు మాత్రం చెప్తాను.

ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు, అప్పులు చూపే ఈసీ (ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్) ఆన్‌లైన్‌లో 1983 నుంచే వస్తుంది, అంతకు ముందు చరిత్ర కావాలంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో మాన్యువల్‌గా తీయించాలి. ఫ్లాట్ 1993దే అయినా దాని కింద ఉన్న భూమి 1993లో పుట్టలేదు కదా, అంతకు ముందు చేతులు మారిన కాగితాలు, అంటే లింక్ డాక్యుమెంట్లు, వెనక్కి వెళ్తూనే ఉంటాయి. అక్కడ ఎదురయ్యే పెద్ద పేరు 1976 నాటి పట్టణ భూ పరిమితి చట్టం. కేంద్రం దాన్ని 1999లోనే రద్దు చేసినా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఆ రద్దుని 2008లో గానీ స్వీకరించలేదు. అంటే 1990ల్లో అపార్ట్‌మెంట్ కట్టిన రోజుకి ఆ చట్టం అమల్లో ఉంది. ఆ స్థలం పరిమితికి మించిన మిగులు భూమి కింద తేలిందా, రిజిస్ట్రేషన్ శాఖ నిషేధిత జాబితాలో ఉందా అన్నది చూడకుండా టోకెన్ అడ్వాన్స్ ఇవ్వొద్దు.

అనుమతి ఎవరిచ్చారన్నది ఇంకో చిక్కు. జీహెచ్ఎంసీ ఏర్పడింది 2007 ఏప్రిల్‌లో, చుట్టూ ఉన్న పన్నెండు మున్సిపాలిటీలని పాత కార్పొరేషన్‌లో కలిపితే. అంతకు ముందు కూకట్‌పల్లి, మల్కాజిగిరి, ఎల్బీ నగర్ వేరే మున్సిపాలిటీలు, ఇంకా వెనక్కి వెళ్తే కొన్ని చోట్ల గ్రామ పంచాయతీలు. సర్పంచ్ సంతకంతో నాలుగంతస్తులు లేచిన బిల్డింగులు లేకపోలేదు. శాంక్షన్డ్ ప్లాన్ అడగండి, ఆ ప్లాన్‌లో ఎన్ని అంతస్తులున్నాయో చూడండి, తర్వాత బయట నిలబడి అంతస్తులు లెక్కపెట్టండి. మీ ఫ్లాట్ ప్లాన్‌లో లేని అంతస్తులో ఉంటే, క్రమబద్ధీకరణ కాగితం ఉందా అన్నదే ప్రశ్న. 2007 చివర్లో వచ్చిన పథకం కింద కట్టి తెచ్చుకున్న వాళ్లు చాలామంది ఉన్నారు, 2015 పథకం మాత్రం కోర్టులో ఆగింది. "అప్లై చేశాం సార్, వచ్చేస్తుంది" అంటూ దరఖాస్తు రసీదు చూపిస్తే దాన్ని రసీదుగానే చూడండి.

హౌసింగ్ బోర్డు కాలనీల్లో, అంటే కేపీహెచ్‌బీ, వనస్థలిపురం లాంటి చోట్ల ఎల్ఐజీ, ఎంఐజీ (తక్కువ, మధ్య ఆదాయ వర్గాల) ఇళ్లు చూస్తుంటే, బోర్డు నుంచి మొదటి ఓనర్‌కి సేల్ డీడ్ అయిందా లేక జీపీఏల (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) మీదే చేతులు మారుతూ వచ్చిందా చూడండి. జీపీఏ అమ్మకంతో యాజమాన్యం బదిలీ కాదని సుప్రీంకోర్టు 2011లో తేల్చి చెప్పింది. ఆ పాత ఇళ్లు కొన్ని స్తంభాలు లేకుండా గోడల మీదే నిలబడ్డవి కూడా, వాటి మీద తర్వాత ఎక్కించిన రెండో మూడో అంతస్తుని పొరపాటున కూడా మామూలు అపార్ట్‌మెంట్‌తో పోల్చొద్దు.

అమ్మే ఓనర్ అమెరికాలో ఉండి, ఇక్కడ వాళ్ల నాన్నగారు జీపీఏతో సంతకం పెడతారంటే హైదరాబాద్‌లో అది రోజూ జరిగేదే, జీపీఏ సక్రమంగా ఉంటే భయం లేదు. కానీ పన్ను సంగతి గుర్తుపెట్టుకోండి. ఇక్కడ ఉండేవాళ్ల దగ్గర కొంటే ధర 50 లక్షలు, ఆపైన ఉంటేనే ఒక శాతం టీడీఎస్ కొనేవాళ్లు కోసి కట్టాలి. ఎన్ఆర్ఐ దగ్గర కొంటే ఆ పరిమితి లేదు, కొయ్యాల్సిన శాతం కూడా చాలా ఎక్కువ. మర్చిపోతే ఐటీ నోటీసు వచ్చేది ఎక్కడో డాలస్‌లో ఉన్న ఆయనకి కాదు, మీకు.

వీధి

వానాకాలంలో చూడండి అని అందరూ చెప్తారు, కానీ మీ సెలవూ వానా ఒకేసారి కుదరవు. వాన లేనప్పుడు కూడా ఆనవాళ్లు ఉంటాయి. పాత కాలనీల్లో రోడ్డు వేసిన ప్రతిసారీ పాతది తవ్వకుండా దాని మీదే వేస్తారు, అలా ముప్పై ఏళ్లలో రోడ్డు పైకి లేచి, అపార్ట్‌మెంట్ స్టిల్ట్ కిందికి దిగిపోతుంది. గేటు దగ్గర లోపలికి పల్లం ఉందా చూడండి. గ్రౌండ్ ఫ్లోర్ గడపలకి తర్వాత కట్టిన ఇటుక వరస ఉందా, మోటారుని దిమ్మె కట్టి పైకి ఎక్కించారా, గోడ మీద నడుము ఎత్తున ఒకే గీత వెంబడి పెయింటు ఊడిందా. ఇవి ఉన్నాయంటే 2020 అక్టోబరు వరదల్లో ఆ వీధికి ఏమైందో ఎవర్నీ అడగక్కర్లేదు. వయసులో పెద్దవాళ్లు కనపడితే 2000 ఆగస్టు సంగతి కూడా అడగండి, ఒక్క రోజులో ఇరవై నాలుగు సెంటీమీటర్ల దాకా పడ్డ వాన అది. విజయవాడ సింగ్‌నగర్ వైపు చూస్తున్నవాళ్లకి 2024 సెప్టెంబరు బుడమేరు వరద గురించి నేను చెప్పాల్సిన పని లేదు.

నాలాకీ (వాననీటి కాలువ) చెరువుకీ దగ్గరుంటే సమస్య నీళ్లతో ఆగదు. పది హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకి ఎఫ్‌టీఎల్ గీత (చెరువు నిండినప్పుడు నీళ్లు చేరే హద్దు) నుంచి 30 మీటర్లు, చిన్న చెరువులకి 9 మీటర్లు బఫర్, అంటే కట్టడాలు ఉండకూడని చోటు. పది మీటర్లకి మించి వెడల్పున్న నాలాకి 9 మీటర్లు, చిన్న నాలాకి 2 మీటర్లు. 2024 జులైలో చెరువుల ఆక్రమణలు కూలగొట్టే హైడ్రా వచ్చాక ఈ అంకెలు సామాన్యులకీ కంఠతా వచ్చేశాయి. పాత బిల్డింగ్ కదా, ముప్పై ఏళ్లుగా ఉంది కదా అన్న ధీమా వద్దు, సర్వే మ్యాపులో నాలా ఎటు పోతుందో చూసుకోవాలి. సిమెంటు పలకలు కప్పిన నాలా చూడ్డానికి వెడల్పాటి ఫుట్‌పాత్‌లా ఉంటుంది.

తాగే నీళ్లు ఎన్ని రోజులకోసారి వస్తాయి, ఎంతసేపు వస్తాయి, బోరు మార్చి నుంచి మే దాకా పనిచేస్తుందా, నెలకి ఎన్ని ట్యాంకర్లు తెప్పిస్తారు అని అడగండి. అసోసియేషన్ ప్రెసిడెంట్ చెప్పేదొకటి, వాచ్‌మన్ చెప్పేదొకటి, ఈ విషయంలో వాచ్‌మన్ మాటే నమ్మండి, రాత్రి రెండింటికి వాల్వు తిప్పేది ఆయనే. ఇంకా పక్కాగా కావాలంటే గత వేసవి ట్యాంకర్ బిల్లులు చూపించమనండి. బిల్డింగ్ వాటర్ బోర్డు కనెక్షన్‌కి మీటరు ఉందా, ఫ్లాట్ ఆధార్‌తో లింక్ అయిందా కూడా అడగండి, నెలకి ఇరవై వేల లీటర్ల ఉచిత నీళ్లు దాని మీదే ఆధారపడి ఉంటాయి.

ఇక ఏరియా స్వభావం. మియాపూర్ నుంచి ఎల్బీ నగర్ దాకా మెట్రో ఎర్ర లైను 2017, 2018ల్లో రెండు ముక్కలుగా మొదలైంది, ఆ లైను వెంబడి ఉన్న కేపీహెచ్‌బీ, ఎస్ఆర్ నగర్, అమీర్‌పేట, దిల్‌సుఖ్‌నగర్‌లలో పాత ఫ్లాట్లకి అద్దె గిరాకీ తగ్గకపోవడానికి అదొక కారణం. అదే గిరాకీకి ఇంకో ముఖం ఉంది. అమీర్‌పేట, ఎస్ఆర్ నగర్ చుట్టుపక్కల కోచింగ్ సెంటర్ల వల్ల అపార్ట్‌మెంట్లకి అపార్ట్‌మెంట్లే హాస్టళ్లు అయిపోతున్నాయి. నలుగురు ఉండాల్సిన ఫ్లాట్‌లో పద్నాలుగు మంది ఉంటే సంపు, సెప్టిక్ లైను, లిఫ్టు మూడింటికీ భారమే. ఆ పిల్లల తప్పేం లేదు, వాళ్లకీ వేరే దారి లేదు, కానీ మీ ఇద్దరూ మీ రెండేళ్ల పాపా ఉండబోయే బిల్డింగ్‌లో పై రెండు ఫ్లోర్లు హాస్టల్‌కి ఇచ్చారా అన్నది టోకెన్‌కి ముందే తెలియాలి. అద్దెకిచ్చే ఉద్దేశంతో కొంటున్నవాళ్లకి ఇదే విషయం ప్లస్ పాయింటుగా కనిపించొచ్చు, అందుకే ఏరియా మంచిదా చెడ్డదా అని ఊరికే అడిగితే జవాబు ఉండదు, ఎవరికి అన్నది కూడా చెప్పాలి.

పక్క ఫ్లాట్ల వాళ్లు

పన్నెండు ఫ్లాట్లలో ఎన్నింట్లో ఓనర్లు ఉంటున్నారు? నేను ఈ ప్రశ్నకి ఇచ్చే విలువ లిఫ్టుకి కూడా ఇవ్వను. ఓనర్లు ఉన్న బిల్డింగ్‌లో గొడవలు ఎక్కువ ఉండొచ్చు, కానీ మోటారు కాలిపోతే సాయంత్రానికి డబ్బులు పోగవుతాయి. తొమ్మిది ఫ్లాట్లు అద్దెకిచ్చి ఓనర్లు బెంగళూరులోనో న్యూజెర్సీలోనో ఉంటే టెర్రస్ వాటర్‌ప్రూఫింగ్‌కి లక్షన్నర పోగు చెయ్యడానికి వాట్సాప్ గ్రూపులో రెండు వానాకాలాలు గడిచిపోతాయి, ఆ లోపల తడిసేది పై ఫ్లోర్ స్లాబు, బలహీనపడేది అందరి బిల్డింగూ.

అందుకే అసోసియేషన్ రిజిస్టర్ అయిందా, బ్యాంకు పాస్‌బుక్‌లో ఎంతుంది, మెయింటెనెన్స్ ఎగ్గొట్టేవాళ్లు ఎంతమంది, గత అయిదేళ్లలో చేసిన పెద్ద పని ఏమిటి, ఈ నాలుగూ అడగండి. "మా దగ్గర మెయింటెనెన్స్ ఎనిమిది వందలే సార్" అని గర్వంగా చెప్తే సంతోషించకండి. లిఫ్టు సర్వీసింగ్, వాచ్‌మన్ జీతం, కామన్ కరెంటు, ట్యాంకర్లు పన్నెండు ఫ్లాట్ల మీద వేసి చూస్తే ఎనిమిది వందలకి ఏదో ఒకటి జరగడం లేదని మీకే తెలుస్తుంది. జరగనిది చాలాసార్లు లిఫ్టు సర్వీసింగే అయి ఉంటుంది.

అందరూ గుసగుసగా చెప్పే ఆశ ఒకటుంది: "పదేళ్లలో రీడెవలప్‌మెంట్‌కి వెళ్తుంది, అప్పుడు మీకు కొత్త ఫ్లాట్." పడగొట్టి కొత్తగా కట్టడానికి బిల్డర్ వచ్చే మాట అబద్ధం కాదు, గజం రేటు బాగా పెరిగిన చోట్ల జరుగుతోంది. మహారాష్ట్రలో హౌసింగ్ సొసైటీల్లో 51 శాతం మంది ఒప్పుకుంటే రీడెవలప్‌మెంట్ ముందుకు వెళ్లే విధానం ఉంది. ఇక్కడ ప్రతి ఓనర్‌కీ భూమిలో రిజిస్టరైన వాటా ఉంటుంది కాబట్టి ఆచరణలో పన్నెండు మందీ సంతకం పెట్టాలి. అందులో ఒకరు పెద్దావిడ, ఇల్లు ఖాళీ చేసి రెండేళ్లు అద్దెకి పోనంటారు. ఇంకొకరి ఫ్లాట్ అన్నదమ్ముల మధ్య కోర్టులో ఉంటుంది. మరొకరికి గ్రౌండ్ ఫ్లోర్‌లో షాపు అద్దె బాగా వస్తోంది, ఆయనకి కొత్త బిల్డింగ్ అక్కర్లేదు. పైగా ఇప్పుడున్న సెట్‌బ్యాక్ (చుట్టూ వదలాల్సిన ఖాళీ) రూల్స్ ప్రకారం ఆ చిన్న స్థలంలో పెద్దగా పైకి లేవలేకపోతే బిల్డర్‌కి మిగిలేదేమీ ఉండదు, అతను రాడు. కాబట్టి రీడెవలప్‌మెంట్ ఆశకి ధరలో ఒక్క రూపాయి కూడా కలపొద్దు. వస్తే వచ్చింది.

బ్యాంకు, బేరం

లోన్ విషయంలో పాత ఫ్లాట్‌కి రెండు దెబ్బలున్నాయి. ముప్పై లక్షల లోపు లోన్ అయితే ఆస్తి విలువలో 90 శాతం దాకా, ముప్పై నుంచి డెబ్బై అయిదు లక్షల దాకా అయితే 80 శాతం దాకా ఇవ్వొచ్చని ఆర్‌బీఐ పరిమితి. కానీ ఆ విలువ కట్టేది బ్యాంకు వాల్యుయర్, బ్రోకర్ కాదు. 45 లక్షల ఫ్లాట్‌కి ఆయన 40 వేశాడంటే లోన్ 32 లక్షలకి మించదు. రెండోది, బిల్డింగ్‌కి మిగిలిన ఆయుష్షుని బట్టి బ్యాంకులు గడువు తగ్గిస్తాయి. వాల్యుయర్ పూర్తి 45 వేసి 36 లక్షల లోన్ వచ్చిందనుకున్నా, ఎనిమిదిన్నర శాతం వడ్డీతో ఇరవై ఏళ్లకైతే ఈఎంఐ సుమారు 31 వేలు, పదిహేనేళ్లే ఇస్తే 35 వేలు దాటుతుంది. నెలకి నాలుగు వేల తేడా కొత్తగా ఉద్యోగంలో కుదురుకున్నవాళ్లకి చిన్నదేం కాదు. అదే ఫ్లాట్ పధ్నాలుగు వేలకి అద్దెకి దొరుకుతుంటే, సొంతింటి తృప్తికి మీరు నెలకి ఎంత కడుతున్నారో కూడా ఒకసారి చూసుకోండి.

చేతి నుంచి పెట్టుకోవాల్సింది డౌన్ పేమెంట్ ఒక్కటే కాదు. తెలంగాణలో రిజిస్ట్రేషన్ ఖర్చుని 2021 జులైలో ఆరు నుంచి ఏడున్నర శాతానికి పెంచారు, 45 లక్షల మీద అది 3 లక్షల 37 వేల చిల్లర, బ్యాంకు దీనికి లోన్ ఇవ్వదు. పైపులు, వైరింగ్, బాత్‌రూమ్ వాటర్‌ప్రూఫింగ్‌కి ఇంకో మూడు నాలుగు లక్షలు పక్కన పెట్టండి. "రిజిస్ట్రేషన్ తక్కువకి చేయించుకుందాం, మిగతాది క్యాష్" అన్న మాట వస్తుంది, వస్తుందనే అనుకోండి. అది చట్టవిరుద్ధం అన్నది అలా ఉంచినా, కాగితం మీద ధర తగ్గితే లోన్ తగ్గుతుంది, రేపు మీరు అమ్మినప్పుడు లాభం ఎక్కువ కనపడి పన్ను మీ మీద పడుతుంది. ఆదా అమ్మేవాళ్లది.

బేరంలో గోడ రంగు, టైల్స్, కబోర్డుల గురించి మాట్లాడి టైమ్ వృథా చేసుకోకండి. గజాల లెక్క కాగితం మీద వేసి చూపించండి, పైపులకీ వైరింగ్‌కీ ప్లంబర్, ఎలక్ట్రీషియన్ ఇచ్చిన అంచనా చూపించండి, అమ్మేవాళ్లు దాదాపు ఎప్పుడూ కొంత దిగుతారు. స్తంభాల్లో తుప్పు, ప్లాన్‌లో లేని అంతస్తు, బఫర్ జోన్, పైసా లేని అసోసియేషన్ ఖాతా, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా మాత్రం అయిదు లక్షలు తగ్గిస్తామన్నా బేరం పెట్టుకోకుండా లేచి వచ్చెయ్యండి. వాటిని మీ డబ్బుతో బాగుచెయ్యలేరు. అగ్రిమెంట్ దాకా వెళ్తే, లోన్ రాకపోతే అడ్వాన్స్ పూర్తిగా తిరిగి ఇవ్వాలన్న షరతు రాయించుకోండి, మెయింటెనెన్స్, ఆస్తి పన్ను, కరెంటు, నీటి బిల్లు బకాయిలు రిజిస్ట్రేషన్‌కి ముందే అమ్మేవాళ్లు తీర్చాలని కూడా అందులోనే ఉండాలి. కీస్ చేతికొచ్చిన వారంలోనే మ్యుటేషన్‌కీ (ఆస్తి పన్ను రికార్డులో పేరు మార్పు), కరెంటు మీటరు పేరు మార్పుకీ, వాటర్ బోర్డు కనెక్షన్ మీద పేరు మార్పుకీ దరఖాస్తు పెట్టెయ్యండి. పాత ఫ్లాట్లలో ఇద్దరు ఓనర్ల కిందటి పేరు మీదే ఇంకా కరెంటు బిల్లు వస్తుండడం మీరు చూసే ఉంటారు.